మగ్గం మీదుండగానే

మందమర్రి,
12 నవంబరు 1962.

అక్కా, దండాలు.

క్షేమంగా చేరాను. కరీంనగర్‌లో బస్సు తప్పిపోయి మూడు గంటలు నిలబడ్డాను. నువ్వు కట్టిచ్చిన సర్వపిండి అక్కడే అయిపోయింది. నాతో పాటు గదిలో ఉండే మన వాడకట్టు హనుమండ్లుకు ఒక్క ముక్క కూడా మిగల్చలేదని వాడు ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉన్నాడు.

చిన్నారి మేనకోడలు సమ్మక్క తొట్టెల పండుగలో ఇంటినిండా చుట్టాలే. నా కొత్త కొలువు సంగతి బావకు సరిగ్గా చెప్పనే లేదు. ఇప్పుడు రాస్తాను, ఆయనకు చదివి వినిపించు.

అయిదేళ్లు బొగ్గు ఎత్తాక పరీక్ష రాసి నేను సర్దార్‌నయ్యాను గదా. పొద్దున మనుషులు దిగకముందే నేను బొగ్గుబాయిలోకి దిగుతాను. వాళ్లు కూర్చుని పనిచేసే ప్రతి చోటా ఆగి, కర్రతో కప్పును కొట్టి చూస్తాను. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే దొల్ల శబ్దం వస్తుంది. గట్టిగా ఉన్నచోట పక్కగోడ మీద సుద్దముక్కతో తేదీ వేసి 'ప.రా.' అని రాస్తాను. ఆ రెండక్షరాలు లేనిచోట ఒక్కడు కూడా అడుగు పెట్టకూడదు. ముప్పై నలుగురు అక్కా, నా రెండక్షరాలు చూసి కప్పు కింద కూర్చునేది! బాపు ఉంటే ఎంత సంబరపడేవాడో.

అంతా బాగానే ఉంది గానీ ఒక్క ముసలాడు నా ప్రాణం తీస్తున్నాడు. పేరు మొండయ్య. ఇరవై ఏళ్లుగా కప్పుకు ఆసరాగా దుంగలు నిలబెట్టడమే ఆయన పని. నేను కొట్టి చూసి, సుద్దతో రాసి ముందుకు పోగానే వెనక నుంచి వచ్చి తన గడ్డపారతో మళ్లీ కొడతాడు. నేనేదో చిన్నపిల్లవాణ్ణయినట్టు! మొదట్లో చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మొన్న అందరి ముందూ అననే అన్నాడు: "సుద్దతోని గీసుడు కాదు సర్దారూ, ఇనుడు గావాలె. గీ కప్పు దొల్ల మాట్లాడుతున్నది."

అందరూ కిసకిసా నవ్వారు. "సర్టిఫికెట్ నీకుందా, నాకుందా?" అన్నాను. గడ్డపార భుజాన వేసుకుని పోయాడు. సాలోళ్ల పిలగాడు తన మీద సర్దారీ చేయడమేమిటని ఆయన కడుపుమంట, అంతకంటే ఏమీ లేదు.

ఇక మిగతావాళ్లు చీకట్లో నా వెనక ఏదేదో గొణుగుతారు. దీపం తిప్పి ముఖం మీద వేస్తే మాత్రం బుద్ధిగా, స్పష్టంగా మాట్లాడతారు. ఇలాంటి దొంగ బుద్ధులు.

పెద్దపల్లి సంబంధం వాళ్లు ఏమన్నారు? సర్దార్ అన్న మాట వాళ్లకు గట్టిగా చెప్పమను బావను.

నీ తమ్ముడు,
పర్శరాములు


సిరిసిల్ల,
20 నవంబరు.

తమ్మీ పర్శరాములూ,

నీ ఉత్తరం మీ బావకు రెండుసార్లు సదివి ఇనిపిచ్చిన. ముప్పై నలుగురు అన్నకాడ ఆయన మగ్గం ఆపి "మల్లోసారి సదువు" అన్నడు. నాకు నీ తీరుగ పుస్తకాల భాష రాదు, నోటికొచ్చినట్టే రాస్త. నవ్వితే నవ్వు.

సమ్మక్క మంచిగున్నది. ఏడుస్తే వాడకట్టంత లేస్తున్నది. నీ గొంతే, నీ పంతమే. పాలియ్యుడు జర ఆలస్యమైతే పిడికిళ్లు బిగవడుతది, అచ్చం మేనమామే అంటున్నరు అందరు.

మొండయ్య ముచ్చట సదివిన. నువ్వు కోపానికి రానంటే ఒక్కటి అడుగుత. ఇరవై ఏండ్ల సంది గా కప్పుల కింద బతికినోడు ఊకెనే అంటడా తమ్మీ? మంది ముంగట అనుడు తప్పే, నేను కాదంట లేను. గని కటువుగున్నదని మాట అబద్ధమైతదా? ఏప పుల్ల చేదే, దాంతోనే పండ్లు తోముకుంటున్నం. ఒక్కసారి ఆయనను పక్కకు పిలిచి "తాతా, నీకేం ఇనవడ్డది?" అని అడుగరాదు? అడిగితే నీ సర్దారీ ఏమన్న కరిగిపోతదా?

ఇంకొకటి. నీకు జలుబు గిట్ల చేసిందా? చెవులల్ల ఏమన్న బాధ ఉన్నదా? చిన్నప్పుడు నీకు చీము కారుతుండె గదా, గందుకే అడుగుతున్న. ఒకపాలి దవాఖానల సూపిచ్చుకో. ఊకెనే అంటున్న, మనసుల ఏం పెట్టుకోకు.

మల్లో ముచ్చట రాసి కొట్టేసిన. కాయిదం మీద గా నల్ల మరకలు గవ్వే. పోనీ తియ్యి, నువ్వొచ్చినప్పుడు చెప్త.

పెద్దపల్లోళ్లు మాఘమాసంల వస్తమన్నరు. పిల్ల మంచిగున్నదట. పైలం తమ్మీ.

మీ అక్క
అనసూర్య


మందమర్రి,
2 డిసెంబరు.

అక్కా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కలం పట్టబుద్ధి కాలేదు. నా కష్టం చెప్పుకుంటే నువ్వు వెళ్లి ఆ ముసలాడి పక్కన నిలబడ్డావు. ముఖం కూడా చూడని మనిషి మీద ఉన్న నమ్మకం సొంత తమ్ముడి మీద లేకపోయె!

నా చెవులతో నీకేం పని? భివండిలో సాంచాల ఖార్ఖానాలో ఏడేళ్లు పనిచేశాను. అరవై కరెంటు మగ్గాలు ఒక్క కొట్టంలో ఆడేవి. అప్పటి నుంచి చెవుల్లో ఒక జుయ్యిమనే చప్పుడుంది. అక్కడ పనిచేసిన అందరికీ ఉంటుంది, నాకు అలవాటైపోయింది. సర్దార్ పరీక్షప్పుడు డాక్టరు నా ఎదురుగా కూర్చుని పది మాటలడిగాడు, పదింటికీ టకటకా జవాబు చెప్పాను. నీకు ఇంకేం కావాలి?

పోయిన సోమవారం ఏం జరిగిందో విను. ఆరో చోట నేను కొట్టి చూసి 'ప.రా.' అని రాసి వచ్చాను. నలుగురు కూర్చుని పని మొదలుపెట్టారు. మొండయ్య పోయి గడ్డపారతో కప్పును కొట్టి, "లేవుండ్రి, బయటికి నడువుండ్రి" అని వాళ్లను లేపేశాడు. వాళ్లు నా వైపు కూడా చూడకుండా లేచిపోయారు. సగం షిఫ్టు పని ఆగింది. నా పై అధికారి ఓవర్‌మెన్ లింగమూర్తి వచ్చి అందరి ముందూ నన్నే తిట్టాడు: "నీ సుద్దకు ఇజ్జత్ లేకపోతే నువ్వెందుకయ్యా సర్దార్వి?" అన్నం తినేటప్పుడు ఎవడో సుద్దముక్కతో నా టిఫిన్ డబ్బా మీద 'ప.రా.' అని రాసిపెట్టాడు. డబ్బా అలాగే మూసేశాను అక్కా.

నేను ఊరుకోలేదు. మొండయ్య చెప్పిన మాట వినడనీ, దుంగలు నిలబెట్టే పని నిర్లక్ష్యంగా చేస్తాడనీ కాగితం రాసి ఇచ్చాను. జనవరి అయిదున విచారణ. నా మాట నిలబడితే ఆయన కొలువు పోతుంది. పోతే పోనీ.

ఇంతవరకు ఏ కప్పూ ఎవరి మీదా కూలలేదు. అది గుర్తుంచుకో. ఇక నాకు సలహాలు రాయకు. సమ్మక్క ముచ్చట్లు రాయి, చాలు.

పర్శరాములు


సిరిసిల్ల,
9 డిసెంబరు.

తమ్మీ,

సలహాలు రాయకన్నవు. రాయ. గని మొన్న కొట్టేసిన ముచ్చట ఇప్పుడు కొట్టెయ్యకుంట రాస్తున్న. కార్డు మీద రాస్తె పదిమంది సదువుతరని అతికించే కాయిదం కొనుక్కొచ్చిన. తలుపు పెట్టుకొని ఒక్కనివే సదువుకో.

తొట్టెల పండుగ తెల్లారి యాదున్నదా? నువ్వు అర్రల గోడ దిక్కు తిరిగి గడ్డం గీసుకుంటున్నవు. నీ ఎనుక తొట్టెల ఉన్నది. నేను బాయికాడ బట్టలు పిండుతున్న. సమ్మక్క ఏడుపు అందుకున్నది. మామ ఉన్నడు గదా, ఎత్తుకుంటడనుకున్న. ఏడ్చి ఏడ్చి గుక్కవట్టింది. తడి చేతులతోని ఉరికొచ్చిన. వచ్చి సూస్తె నువ్వు కూనిరాగం తీసుకుంట గడ్డం గీసుకుంటున్నవు తమ్మీ. పిల్ల మొఖం నల్లగైతున్నది, నీకు రెండు బారల దూరంల. నా పానం ఎటో పోయింది.

ముందుగాల కోపమొచ్చింది. తర్వాత బుగులైంది. గా దినమంత నిన్నే సూసుకుంట కూసున్న. ఎనుక నిలవడి "చాయ్ తాగుతవా" అని మూడుసార్లు అడిగిన. పలకలే. ముంగటికొచ్చి అడిగిన. "తాగుత" అన్నవు. మీ బావ ఎనుక నుంచి పిలిచిండు. పలకలే. ముంగటికొచ్చి నోరు కదిపిండు, గొంతు లేకుంట, ఒట్టి పెదవులే. నువ్వు జవాబు చెప్పినవు! మీ బావ నా దిక్కు సూసిండు.

భివండి నుంచి వచ్చినోళ్లందరు గంతే తమ్మీ. గా సాంచాల లొల్లిల ఒకరి మాట ఒకరికి ఇనవడది, మూతి సూసి తెలుసుకుంటరు. నీకు గది ఎంత అలవాటైందంటే, చెవులు పోయినయని నీకే తెల్వలే. డాక్టర్ ఎదురుంగ కూసుండి అడిగిండన్నవు. చీకట్ల అడిగిండా? బాయిల మీవోళ్లు గొణుగుత లేరు. నీకు వాళ్ల మూతులు కనవడ్త లేవు.

మరి గప్పుడే ఎందుకు చెప్పలేదంటవు. నీకు చెప్పాలంటే మాకు బుగులు. బాపు మగ్గం యాదికి తెచ్చుకో. బట్ట మగ్గం మీద ఉండంగ వాడకట్టుల ఎవలొచ్చినా అరచెయ్యి పెట్టి తడిమేటోళ్లు. పోగు తప్పితే తప్పిందని మొఖం మీదనే చెప్పేటోళ్లు. మనోళ్ల ఆనవాయితే గది. బాపు ఒక్కనాడు ఏమనుకోలే. "మగ్గం మీదుండంగనే చెప్పుండ్రి, పోగు అతుకుతది. కోసినంక చెప్తె ఏం ఫాయిదా" అనేటోడు. నీకు పదిహేనేండ్లప్పుడు బక్కయ్య తాత నీ చీర మీద చెయ్యి పెట్టి "మూడు పోగులు తప్పినయి పిలగా" అన్నడు. నువ్వేం చేసినవు? కత్తెర తీసి చీరను నడిమిట్లకు కోసి, భివండి బస్సెక్కినవు. రెండేండ్లు ఉత్తరం లేదు. గప్పటి సంది ఇంట్ల ఎవలం నీకు తప్పు చెప్పలే. అన్ని మంచిగున్నయనే చెప్పినం. గది మా తప్పు. నిన్ను పోగొట్టుకునుడు కంటె ఊకునుడు నయమనుకున్నం.

ఇగ ఊకోను. నీకు కోపమొస్తె నన్ను తిట్టు. రెండేండ్లు కాదు, పదేండ్లు మాట్లాడకు. గని నీ కాళ్లు మొక్కుత, గా సుద్దముక్క కింద పెట్టు. ముప్పై నలుగురికి అక్కచెల్లెండ్లు ఉన్నరు.

అనసూర్య


మందమర్రి,
14 డిసెంబరు.

ఉత్తరం అందింది. హనుమండ్లును నా వెనక నిలబెట్టి పళ్లెం కింద పడేయించాను. చక్కగా వినిపించింది. పిచ్చి అనుమానాలతో ఇంటి పరువు తీయకు. పెద్దపల్లి వాళ్ల ముందు ఈ కూతలు కూశావంటే నాకు అక్క లేదనుకుంటాను.

పర్శరాములు


సిరిసిల్ల,
30 డిసెంబరు.

తమ్మీ,

అక్క లేదనుకున్నా సరే, సదువు. గీ ఉత్తరం హనుమండ్లు చేతికే ఇచ్చి పంపుతున్న. వాడు మొన్న ఇంటికొచ్చినప్పుడు నేనే కూసోవెట్టి అడిగిన. ముందుగాల నీళ్లు నమిలిండు. మీ బావ గద్దిరిస్తె చెప్పిండు.

మొండయ్య నలుగురిని లేపిన గా ఆరో చోటు రెండు దినాలకు కూలిందట గదా! మనుషులు లేరు గనుక బతికిండ్రు. బొగ్గు మోసే ఇనుప టబ్బు పెళ్లల కింద నలిగిపోయిందట. "ఏ కప్పూ ఎవరి మీదా కూలలేదు" అని రాసినవు నాకు. ఎంత మంచిగ రాసినవు తమ్మీ! ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను సదివి నమ్మిన.

గది ఒక్కటే కాదు. కప్పు కూలుడు మొండయ్య దుంగలు సరిగ్గ నిలవెట్టక కూలిందని కాయిదం మీద రాసిచ్చినవట. హనుమండ్లు గీ మాట చెప్పంగ నాకు కూసున్న కాడనే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నలుగురి పానం కాపాడిన ముసలోని మీద నీ తప్పు రుద్దినవా? మన బాపు కొడుకువేనా నువ్వు? పస్తులన్న ఉన్నడు గని, తప్పిన పోగును ఒక్కనాడు ఇంకొకని నెత్తికి పెట్టలే ఆయన.

పళ్లెం పడితె చచ్చినోడు సుత లేస్తడు. పళ్లెంతోని కాదు, మాటతోని సూసుకో. సదువుకున్నోనివి, నీకు తెల్వదా గా ఫరక్?

అయిదో తారీఖు విచారణ అన్నవు. ఇంకా టైమున్నది. మీ బావ బస్సెక్కి వస్తనంటున్నడు, నేనే వద్దన్న. గీ పని నువ్వే చెయ్యాలె, ఎవలో వచ్చి చేపిచ్చేది కాదు. సమ్మక్కకు రెండు దినాల సంది జరం. దవాఖానకు తీస్కపోతున్నం. ఫికర్ చెయ్యకు, తగ్గుతది. నువ్వు నీ పని సూడు.

నువ్వు కోసిన సగం చీర ఇప్పటిదాక నా పెట్టెల ఉన్నది. మల్లా కత్తెర పట్టకు తమ్మీ.

అనసూర్య


మందమర్రి,
8 జనవరి 1963.

అక్కా, దండాలు.

కోడలి జ్వరం తగ్గిందా? ముందు అది రాయి.

నీ ఉత్తరం హనుమండ్లు మూడో తారీఖున తెచ్చి ఇచ్చాడు. చదివి ముక్కలు చేసి పొయ్యిలో పడేశాను. పడేశాక కూడా ఒక్కొక్క మాట కళ్ల ముందే నిలబడింది. హనుమండ్లు పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తున్నాడు. నేను తలుపు దిక్కు తిరిగి కూర్చుని, "ఏమన్నా మాట్లాడురా, ఊరికే మాట్లాడు" అన్నాను. చాలాసేపు చూశాను. వాడు కోపంతో మాట్లాడటం లేదనుకుని వెనక్కి తిరిగాను. వాడు మాట్లాడుతూనే ఉన్నాడు. మూతి ఆడుతూనే ఉంది. ఆ రొట్టె మాడిపోయింది, వాడు ఏడుస్తున్నాడు.

అయినా నాకు బుద్ధి రాలేదు అక్కా. గది వేరు, బాయి వేరు అనుకున్నాను. కప్పు మాట నాకు తెలుస్తుందని పంతం. తెల్లవారి ఎప్పటిలాగే దిగి, తొమ్మిది చోట్లా కొట్టి చూసి, తొమ్మిది చోట్లా 'ప.రా.' రాశాను. రాస్తుంటే తొమ్మిదోచోట సుద్ద చేతిలో విరిగింది. అప్పుడు పైకి వచ్చి మొండయ్య ఒక్కణ్ణే మళ్లీ కిందికి తీసుకుపోయాను. మిగతావాళ్లను ఆగమన్నాను.

"ఎందుకు సర్దారూ, రేపటి విచారణ దాక ఆగవా? గీడనే తొక్కి సంపుతవా?" అన్నాడు. దీపం ఆయన ముఖం మీద ఉంది గనుక తెలిసింది. "కాదు తాతా, నేను గోడ దిక్కు తిరిగి దీపం ఆర్పేస్త. నువ్వు నా ఎనుక కప్పును కొట్టు. గట్టిదో దొల్లదో నేను చెప్త" అన్నాను.

ముసలాయన గడ్డపార అందుకున్నాడు. నేను తిరిగి నిలబడ్డాను. చీకటి. చెవుల్లో అదే జుయ్యిమనే చప్పుడు. అందులోనే ఎక్కడో ఒక దెబ్బ పడినట్టనిపించింది. "గట్టి" అన్నాను. కాసేపాగి మళ్లీ "గట్టి". తర్వాత "దొల్ల". తర్వాత "గట్టి". అలా పది పన్నెండు చెప్పి ఉంటాను. భుజం మీద చెయ్యి పడింది. దీపం వెలిగించి, "ఎన్ని తప్పినయి తాతా?" అని అడిగాను.

ఆయన నవ్వలేదు. "నేను మూడు దెబ్బలే కొట్టిన బిడ్డా. ఎప్పుడో ఆపేసిన" అన్నాడు.

ఇక ఈ పుస్తకాల తెలుగు నాతో కాదు అక్కా. మనింటి మాటల్నే రాస్త.

నేను గా బొగ్గుల కూలవడ్డ. ఆయన సుత పక్కన కూసున్నడు. "నాకు మొదటి సంది అన్ని కప్పులు ఒక్క తీరుగనే ఇనవడేటియి తాతా, అందరికి గంతే అనుకున్న" అన్న. నిజం గదే. పగుళ్లు కనవడితె దొల్ల అనేటోన్ని, కనవడకపోతె గట్టి అనేటోన్ని. ఇన్ని దినాలు గా తీరుగనే ముప్పై నలుగురిని కూసోవెట్టిన. "నువ్వు దినాం చెప్తనే ఉన్నవు" అన్న. ఆయన నా మొఖం మీద దీపం ఏసి, తన మొఖం సుత కనవడేటట్టు తిరిగి, "మంది ముంగట అన్న, గది నాది తప్పే. పక్కకు పిలిచి చెప్పేదుండె. నువ్వేమో సర్టిఫికెట్ సూపెట్టవడితివి, నాకు సుత పంతమొచ్చె" అన్నడు.

ఇద్దరం లేచినం. నేను తువ్వాలతోని తొమ్మిది చోట్ల నా పేరు తుడుచుకుంట నడిచిన. ఆయన కొట్టుకుంట నడిచిండు. లింగమూర్తి దిగొచ్చి, మందిని ఎందుకు ఆపినవని నా ఎనుక నిలవడి ఒకటే తిట్టిండట. నాకేం తెలుసు, నా మానాన నేను తుడుస్తున్న! నాలుగో చోట మొండయ్య ఆగి నా చెయ్యి పట్టుకొని కప్పుకు ఆనిచ్చిండు. పక్కన గడ్డపారతోని కొట్టిండు. అరచెయ్యి కింద వణికింది అక్కా, మగ్గం మీద వదులైన పడుగు తీరుగ. పొద్దుగాల నేను గట్టిదని రాసిన కప్పు గది. గడ్డపార పెట్టి కదిలిస్తె మన మగ్గమంత పెళ్ల కిందపడ్డది. నలుగురు కూసునే జాగ. లింగమూర్తి తిట్లు ఆగిపోయినయి. తర్వాత లింగమూర్తే అన్ని చోట్లు సూసుకొని తన పేరు రాసుకున్నడు.

అయిదో తారీఖు విచారణల లేచి నిలవడి చెప్పిన: "మొండయ్య దుంగలు సరిగ్గనే పెట్టిండు. నేను రాసిచ్చిన కాయిదం అబద్ధం. నాకు చెవులు ఇనవడవు. కూలిన కాడ సుద్ద గీసింది నేనే." గా అర్రల అందరు నా దిక్కే సూస్తున్నరు, టిఫిన్ డబ్బా మీద రాసినోడు సుత ఉన్నడు. సర్దారీ తీసేసిండ్రు. కొలువు సుత పోతదనే అనుకున్న. గప్పుడు లేచింది ఎవలనుకున్నవు? మొండయ్యనే. "తప్పు చెప్పుకున్నోన్ని ఎల్లగొడితె, రేపు ఎవడు చెప్పుకుంటడు దొరా?" అన్నడు. ఆఫీసర్ కొలువు తియ్యలే. ఇప్పుడు నన్ను పైన దీపాల గదిల ఏసిండ్రు. దిగేటోళ్లకు టోపీ దీపాలు ఇచ్చుడు, వచ్చినంక తీసుకునుడు. కిటికీ ముంగట వెలుతురుంటది, అందరి మూతులు మంచిగ కనవడతయి. నిన్న మొండయ్య తన దీపం తెచ్చి "మసకగున్నది, తుడిసినవా అసలు?" అన్నడు. గొంతుదాక వచ్చింది అక్కా జవాబు. మింగిన. తీసుకొని సూస్తె అద్దం లోపల నిజంగనే మసి ఉన్నది. తుడిసిచ్చిన. కోపం రాలేదని అబద్ధం చెప్ప, వచ్చింది. తుడిసేసరికి పోయింది.

పెద్దపల్లోళ్లకు అన్ని నువ్వే చెప్పు. సర్దార్ కాదని, చెవులు లేవని. చెప్పినంక సుత పిల్లనిస్తమంటే గప్పుడు సూద్దం. వద్దంటే వాళ్ల తప్పు లేదు.

మొదటి తారీఖు దాటినంక వస్త. గా సగం చీర పెట్టెల నుంచి తీసి పెట్టు. మూడు పోగులు ఏడ తప్పినయో చెయ్యి పెట్టి సూడాలె. బక్కయ్య తాత ఉంటె పిలువు, ఆయన ముంగటనే సూస్త.

సమ్మక్కను నా ఎనుక పండవెట్టకు. నా ముంగటనే తొట్టెల కట్టు. అది ఏడిస్తె నాకు కనవడాలె.

నీ తమ్మి
పర్శరాములు